మాట తీసేస్తే మిగిలేది

ఇప్పటిదాకా నా మాటను ఎవరూ లెక్కచేయలేదు. కాబట్టి మొదట ఫిర్యాదే రాస్తాను, మిగతాది తర్వాత. ఈ ఉదయం చాయ్ తాగుతూ గుమ్మంలో కూర్చున్నాను. వీధి మలుపులో మైకు ఆటో చప్పుడు వినిపించింది. బూరలోంచి వచ్చే ఆ గరగర వినగానే నా వెన్ను దానంతట అదే నిటారవుతుంది, ఎందుకంటే ఒకప్పుడు ఆ గరగర వెనకాల ఉండేది నా గొంతే. కానీ ఇవాళ వచ్చింది మనిషి గొంతు కాదు. ఎవరో యంత్రంతో తయారుచేయించిన ఆడగొంతు. పక్క వీధిలో ఒక పెద్దాయన చనిపోయాడని, మధ్యాహ్నం అంత్యక్రియలని చెప్పింది. ఊపిరి కూడా తీసుకోకుండా, దానికి ఊపిరంటూ ఉంటే కదా, అదే గొంతుతో పరుపులు సగం ధరకే ఇస్తున్నారని చెప్పింది. నేను గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఎదురింటి ఆవిడ బట్టలు ఆరేస్తూనే ఉంది. ఎవరు పోయారో విన్నావా అని అడిగితే, "ఎవలు పోయిండ్రు? పరుపులు గద అమ్ముతున్నరు?" అంది.

ఆ ఆటోలు తిప్పే ప్రచార కంపెనీకి నేను చాలా రోజులుగా ఫోన్ చేస్తున్నాను. ఎవరూ ఎత్తరు. ఫిర్యాదు రాసి పంపితే "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని మెసేజ్ వస్తుంది. అంత విలువైనదైతే ఒక్కసారి ఫోన్ ఎత్తి వినరేం? ఇబ్రహీంపట్నం బజారులో నా గురించి ఏమనుకుంటారో నాకు తెలుసు. అంజయ్యకు పనిలేదు, ఎప్పుడూ ఎవరిమీదో ఒకరి మీద అర్జీ పట్టుకొని తిరుగుతాడు అంటారు. అననివ్వండి. ఈసారి నా ఫిర్యాదు పరుపుల గురించి కాదు. మార్తక్క గురించి. మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు, విని ఉండరు. విన్నవాళ్లేమో ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. అందుకే కూర్చొని రాస్తున్నాను.

బస్టాండు వెనకాల సౌండ్ సర్వీస్ నడిపేది మార్తక్క. భర్త పోయాక ఆ దుకాణం, పాత ఆటో, రెండు బూరలు, ఒక ఆంప్లిఫయర్ ఆమెకు మిగిలాయి. పొట్టి మనిషి, వెడల్పాటి ముఖం, చెవులు కొంచెం పెద్దవి. చిన్నప్పుడు చర్చిలో వాక్యం చదవడానికి ముందు నిలబెట్టేవారట. అక్కడ వచ్చిన గొంతు. పెళ్లిళ్లకు మైకులు కట్టడం అందరూ చేస్తారు, ఆమె పేరు దానివల్ల రాలేదు. ఎవరింట్లోనైనా చావు జరిగితే, చుట్టుపక్కల ఊళ్లకు ఆ వార్త ఆమె గొంతుతోనే పోవాలని జనం పట్టుబట్టేవారు. మన్నెగూడ చౌరస్తాలో ప్లాట్ల ప్రకటనలు, పోలియో చుక్కలు, తప్పిపోయిన పిల్లలు, కందుకూరు వైపు ఊళ్లలో ఎరువుల బస్తాలు, అన్నీ ఆమే చెప్పేది. కానీ చావు చెప్పడంలో ఆమెకు సాటి లేదు.

నేను ఆమె దగ్గరికి మొదటిసారి పోయింది పని కోసం కాదు, కొట్లాటకు. మా తాత చనిపోయినప్పుడు ఆమె మైకులో మా అన్న పేరు చెప్పింది, మా చిన్నాన్న కొడుకు పేరు కూడా చెప్పింది. నా పేరు చెప్పలేదు. దినాలు కాగానే దుకాణం మీదికి పోయాను. నేను నోరు తెరవకముందే నా ముఖం చూసి ఆమె స్టూలు జరిపింది.

"కొట్లాటకొచ్చినవ్, గంతేనా? కూసో. ఏమైందో చెప్పు. కాని మాటలొద్దు. మూతి మూసుకొని చెప్పు."

"మూతి మూసుకొని ఎట్ల చెప్తరు?"

"అమ్మ మీద పోరగాండ్లు అలుగుతరు సూడు, గట్ల. ఊఁ ఊఁ అనుకుంట చెప్పు. నీ లోపల ఉన్నదంత గా సప్పుడులనే వస్తది."

నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే మూతి మూసుకొని నా ఫిర్యాదంతా చెప్పాను. గొంతు ఎత్తాను, దించాను, ఒకచోట జీరబోయింది. ఆమె కళ్లు మూసుకొని చివరిదాకా విన్నది. అంత పూర్తిగా నన్ను అప్పటివరకు ఎవరూ వినలేదు. తర్వాత కళ్లు తెరిచి అంది.

"నువ్వు తాత కోసం ఏడుస్తలేవ్ పిలగా. నీ పేరు కోసం ఏడుస్తున్నవ్. తాత కోసమైతే రాగం కిందికి దిగుతది. నీది మెట్టు మెట్టుకు పైకెక్కుతున్నది."

ఈ మాటకు నేను ఆమెను చాలా రోజులు క్షమించలేదు. అయినా మర్నాడు మళ్లీ పోయాను. ఆటో నడపడం వచ్చా అని అడిగింది. వచ్చు అన్నాను. అట్లా చేరాను.

"మాట తీసెయ్." ఇది ఆమె పని నేర్పే పద్ధతి. ఏ ప్రకటన అయినా మైకు పట్టే ముందు ఒకసారి మూతి మూసుకొని ఊఁ ఊఁ అంటూ మొత్తం అనుకోవాలి. అది సరిగా కుదిరితేనే మాటలు. లేకపోతే మళ్లీ. నన్ను దుకాణం బయట నిలబెట్టి, తాను లోపల ఉండి షట్టరు కిందికి లాగేది. నేను బయటినుంచి ఏదో ఒకటి చెప్పాలి. ఇనుప రేకు అవతలికి మాటలు పోవు, గొంతు ఎత్తుపల్లాలు మాత్రం పోతాయి. ఆమె లోపలినుంచి అది ఏ ప్రకటనో చెప్పేది. మొదటి రోజు నేను ఎంతో దుఃఖం తెచ్చుకొని ఒక చావు వార్త చెప్పాను. లోపలినుంచి అరిచింది.

"ఏందిరా గది, చీరల సేలా? నువ్వు చెప్తుంటే నాకు లేచివచ్చి రెండు చీరలు కొనబుద్ధయితున్నది!"

పక్క చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపంతో సాయంత్రం దాకా షట్టరుకు చెబుతూనే ఉన్నాను. పొద్దుగూకేముందు ఆమె షట్టరు ఎత్తి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ బయటికి వచ్చింది. "గిది సావు. ఇప్పుడు పోయి అన్నం తిను" అంది.

ఇదంతా ఎందుకని నేను అడగలేదు. ఆమే చూపించింది. ఒకసారి ఒక ఊరి బయట ఆటో ఆపమంది. దూరంగా వరి పొలంలో ఆడవాళ్లు వంగి కలుపు తీస్తున్నారు. మా బూర అంత దూరం మాటను మోయలేదు. గాలికి పదాలు చిరిగిపోతాయి. మార్తక్క మైకు తీసుకొని చావు వార్త మొదలుపెట్టింది. ఇంకా ఊరి పేరు కూడా రాలేదు. "చెప్పుటకు చింతిస్తున్నాము" అనబోతూ, ఆ మొదటి మాట దగ్గరే ఆమె గొంతు ఒక మెట్టు దిగి, అక్కడ ఆగి, మళ్లీ ఇంకొక మెట్టు దిగింది. పొలంలో ఒక ఆమె నడుము ఎత్తింది. తర్వాత పక్కనున్న ఆమె. చూస్తుండగానే అందరూ లేచి నిలబడి తల మీదికి కొంగు లాక్కున్నారు. వాళ్లకు పేరు వినపడలేదు, ఊరు వినపడలేదు. చావు వినపడింది. ఇంకొక రోజు పెద్ద చెరువులో తెప్పల మీద ఉన్న బెస్తవాళ్లు కూడా అట్లాగే వల విసరకుండా ఆగిపోవడం చూశాను. నీళ్ల మీదుగా ఆ గొంతు పోయి, మనుషుల చేతులను పట్టుకొని ఆపింది.

"అక్కా, వాళ్లకు మాట వినరాలేదు గద. ఎట్ల తెలిసింది?"

"నాకేం ఎర్కరా. నీకు మీ అమ్మ కోపం మీద ఉన్నదని దర్వాజ కాడనే ఎట్ల తెలుస్తది? మాట గట్టు కాడనే ఆగుతది. రాగం గట్టు దాటుతది. ఎట్ల దాటుతదో దేవునికే తెల్వాలె."

ఆ రాగమే ఆమెను విడిచిపోయింది. ఒక పొద్దున దుకాణం తెరుస్తూ షట్టరు దగ్గర కూలబడింది. ఎడమ చెయ్యి పడిపోయింది. పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. రెండు రోజుల తర్వాత కళ్లు తెరిచి నన్ను చూసి, "అంజయ్యా, నువ్వు ఇంటికి పో" అంది. ఆ మాటలో ఏమీ లేదు. కోపం లేదు, జాలి లేదు, అలసట కూడా లేదు. గోడ మీద రాసిన అక్షరాల్లా ఉంది. ఇంతకాలం చాకిరీ చేస్తే ఇదా అనుకున్నాను. కానీ పోలేదు. ఎందుకు పొమ్మన్నదో చెప్పందే కదలనని వార్డు బయట కూర్చున్నాను. నా మొండితనం నాకు మేలు చేసిన సందర్భాలు తక్కువ. అది ఒకటి.

ఆమెకు మాటలు ఒక్కటి కూడా పోలేదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, పాత లెక్కలు అన్నీ చెబుతోంది. డాక్టర్లు మాట బాగుంది అన్నారు, చెయ్యి కూడా కొంత వచ్చింది, ఇంటికి పంపారు. బాగైంది అనుకొని అందరూ సంతోషించారు. నాకు మాత్రం చెవిలో ఏదో తేడా కొడుతోంది. ఆమె చాయ్ అడిగినా, నొప్పి అన్నా, ప్రార్థన చేసినా ఒకే ఎత్తులో వస్తోంది. చెప్పాను. అక్క గొంతులో రాగం పోయిందని చుట్టాలకు చెప్పాను, దవాఖానలో మందులిచ్చే కిటికీ దగ్గర కూడా చెప్పాను. "నీరసం, తగ్గిపోతది" అన్నారు. మళ్లీ అడిగితే, ఈయనెప్పుడూ ఇంతే అన్నట్టు చూశారు.

కొన్నాళ్లకు కందుకూరు వైపు ఒక ఊరినుంచి చావు కబురు వచ్చింది. నేను చెబుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఆ పెద్దమనిషి ఆమెకు తెలిసినవాడు. ఆటోలో కూర్చొని కుడిచేత్తో మైకు పట్టుకుంది. అలవాటు ప్రకారం ముందు మూతి మూసుకొని అనుకుంది. నేను ఆటో నడుపుతూ విన్నాను. ఊఁ అని ఒక్క గీత. ఎక్కడం లేదు, దిగడం లేదు. తర్వాత మాటలు మొదలయ్యాయి. ఒక్క తప్పు లేదు. పేరు, వాడ, సమయం అన్నీ సరిగా చెప్పింది. పొలాల్లో ఒక్క తల కూడా లేవలేదు. ఆ చనిపోయినాయన చెల్లెలు దారి పక్క చేనులోనే పత్తి ఏరుతోంది. కరెంటు కోత గురించో మరి దేనిగురించో అనుకొని చెవి పెట్టలేదు, పని ఆపలేదు. ఆమెకు అన్న చావు సాయంత్రం ఇంటికి పోయాక తెలిసింది.

మర్నాడు ఆ ఇంటివాళ్లు దుకాణం ముందుకు వచ్చారు. "మా నాయిన సావును కరెంటు బిల్లు లెక్క సదువుతవా? నీకు మస్తు పేరుందని పిలిస్తే గిట్ల చేస్తవా?" అని చనిపోయినాయన కొడుకు ఊగిపోతున్నాడు. మార్తక్క స్టూలు మీద కూర్చొని అతని ముఖంలోకి నెమ్మదిగా చూసి, "మంచిగనే సదివిన గద" అంది. అదే గీత గొంతుతో. వెటకారమనుకొని అతను బూరను కింద పడేశాడు. ఆమెకు అతను ఎందుకు అట్లా చేశాడో అర్థం కాలేదు. వాళ్లు పోయాక నన్ను అడిగింది, "అంజయ్యా, ఆ పిలగాడు కోపం మీద ఉన్నడా?"

షట్టరు అవతలినుంచి మనిషి మనసు చెప్పగలిగిన చెవి అది. ముందు నిలబడి అరిచిన మనిషి కోపం దానికి వినపడలేదు. నేను పడిపోయిన బూరను ఎత్తుతూ ముఖం అటు తిప్పుకున్నాను.

ఆ తర్వాత చావు చెప్పమని ఎవరూ రాలేదు, దుకాణం పోతే పోయింది. కానీ బిడ్డ పోతుందని నేను అనుకోలేదు. సుజాత ఆమెకు ఒక్కతే కూతురు, హయత్‌నగర్‌లో ఉండేది. అప్పుడే బాబు పుట్టాడు. చూడటానికి మార్తక్కను నేనే తీసుకుపోయాను. బాబును ఒడిలో పెట్టారు. ఆమె చూసి, "మంచిగున్నడు. పోదాం పా, అంజయ్యా" అంది. సుజాత ముఖం పాలిపోవడం నేను చూశాను. తర్వాత వారానికి సుజాత ఫోన్ చేసింది. నేను అక్కడే ఉన్నాను, ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఎట్లా ఉన్నావని మార్తక్క అడిగితే, సుజాత ఏడుపు గొంతులో అడ్డుపడుతుంటేనే, "మంచిగనే ఉన్ననమ్మా" అంది. వీధిలో పోయేవాడు విన్నా ఆగి ఏమైందని అడిగే గొంతు అది. మార్తక్క, "మంచిగుంటే సరే" అని ఫోన్ పెట్టేసింది.

సుజాత నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఇగ నేను ఆ ఇంటికి రాను. మా అమ్మకు నేనంటే మనసు సచ్చిపోయింది. నేను ఏడుస్తుంటే గూడ పెట్టేసింది. నువ్వు ఆమె దిక్కు మాట్లాడకు."

"చెల్లె, అక్కకు వినరాలేదు."

"చెవులు మంచిగనే ఉన్నయ్ గదా? మాట మంచిగనే ఉన్నది గదా? ఇంకేం వినరాలేదు?"

జవాబు లేకపోతే నాకు నిద్ర పట్టదు. తర్వాతిసారి మార్తక్కను దవాఖానకు తీసుకుపోయినప్పుడు, నరాల డాక్టరు గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఇది చెప్పేదాకా కదలనన్నాను. లోపల ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. కాంపౌండరు నన్ను పక్కకు లాగబోతే ఆమె వద్దంది. కూర్చోమంది. నేను చావు వార్త సంగతి, పత్తి చేను సంగతి, సుజాత ఫోన్ సంగతి అన్నీ చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి విన్నది. తర్వాత మార్తక్క తల ఫోటోను వెలుతురు పెట్టె మీద పెట్టి కుడివైపు ఒక మచ్చను చూపించింది.

"మీరు చెప్పింది నిజం అంజయ్య గారూ. దెబ్బ తగిలింది ఇక్కడ. చాలామందిలో మాటల పని ఎక్కువగా తలలో ఎడమవైపు జరుగుతుంది. అది ఈవిడకు బాగుంది. మాటలో ప్రేమ, కోపం, వెటకారం ఉంటాయి చూడండి, ఆ గొంతు ఎత్తుపల్లాలను పట్టుకునే పని, పలికించే పని ఎక్కువగా కుడివైపుది. అందుకే ఈవిడకు మీరు ఏమన్నారో తెలుస్తుంది, ఎట్లా అన్నారో తెలియదు."

"అంటే మాట ఒక దగ్గర, రాగం ఒక దగ్గర ఉంటయా మేడమ్?"

"రెండూ కలిసే నడుస్తాయి, ఒకదానికొకటి కబురు పంపుకుంటూనే ఉంటాయి. మనకు ఒక్క మాటే వినిపిస్తుంది. ఒకటి దెబ్బతింటే తప్ప అవి రెండని మనకు తెలియదు." ఆమెకు కూడా ఈ సంగతి ఇష్టమని గొంతులో తెలిసిపోతోంది. "ఇంకో వింత చెప్పనా? చైనా వాళ్ల భాషలో రాగం మారితే మాటే మారిపోతుంది. అమ్మ అనే మాట ఇంకో రాగంలో గుర్రం అవుతుంది. అక్కడివాళ్లకు ఆ రాగాలను మాటలుగా పట్టుకోవడంలో ఎడమవైపు కూడా గట్టిగా పనిచేస్తుంది. చెవిలో పడేది అదే గొంతు. అది దేనికి పనికొస్తుందో చూసి తల దాన్ని అటో ఇటో పంపుతుంది."

ఆమె నా ముఖం చూసి నవ్వి ఇంకొకటి చెప్పింది. కడుపులో ఉన్న బిడ్డకు నెలలు నిండేటప్పటికి తల్లి గొంతు వినపడుతుందట. మాటలు స్పష్టంగా పోవట, ఎత్తుపల్లాలు పోతాయట. మనిషి మాట కంటే ముందు రాగం నేర్చుకొని పుడతాడట. ఇనుప షట్టరు నా కళ్ల ముందు కనిపించింది. పొలం గట్టు కనిపించింది. మార్తక్క ఇన్నేళ్లు తెలియకుండానే నిలబెట్టిన గోడ అదే, మనమంతా మొదట విన్నది ఆ గోడ అవతలినుంచే. బయటికి వచ్చి వరండాలో నా తలను రెండు చేతులతో పట్టుకున్నాను. నొప్పి వల్ల కాదు. ఇబ్రహీంపట్నం వీధుల్లో చిల్లర గొడవలు పెట్టుకొని తిరిగే ఈ తల లోపల, నాకు తెలియకుండా, ప్రతి మాటా రెండు దారుల్లో పోయి మళ్లీ ఒకటై వస్తున్నదని తెలిసి. నా ప్రశ్నకు జీవితంలో మొదటిసారి ఒకరు పూర్తిగా జవాబు చెప్పారు. ఆ గొంతు నేను మరిచిపోను. నేను మంచివి కూడా మరిచిపోను, ఎవరూ అడగరు గానీ.

గదిలోంచి వచ్చే ముందు, రాగం తిరిగి వస్తుందా అని అడిగితే, కొందరికి కొంత వస్తుంది, సాధన చేయించండి, రాకపోతే ఉన్న మాటలతోనే దారి వెతకండి అంది డాక్టరమ్మ. మార్తక్క పక్కనే కూర్చొని ఇదంతా విన్నది. తిరుగు దారిలో ఆటో మన్నెగూడ దాకా వచ్చింది. అక్కడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అంది.

"అంజయ్యా. భయంతోటి అంటున్న. సుజాత ఇగ రాదా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. గొంతు అదే గీత. కానీ ముందు ఆ మాట పెట్టింది. భయంతోటి అంటున్న. పాత బట్టకు అతుకు వేసినట్టు, పోయిన రాగం చోట ఒక మాట కుట్టింది. వెనకాల లారీలు హారన్ కొడుతున్నా నేను ఆటో కదపలేకపోయాను.

సుజాతను ఒప్పించడానికి హయత్‌నగర్ పోయాను. "కుడి దిక్కు, ఎడమ దిక్కు అనుకుంట నాకు కత చెప్పకన్నా" అంది. గుమ్మంలోనే నిలబెట్టింది, నీళ్లు కూడా ఇవ్వలేదు. మళ్లీ పోయాను. మూడోసారి పోయినప్పుడు తలుపు తీస్తూనే, "నిన్ను వదిలించుకోవాలంటే రావుడే మేలు" అని బాబును ఎత్తుకొని ఆటో ఎక్కింది.

మార్తక్క గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చుంది. సుజాత దగ్గరికి వచ్చి నిలబడింది, వంగలేదు. మార్తక్క నోరు తెరిచి, బస్టాండులో బస్సుల టైములు చదివినట్టు, ఒక్క ఎత్తులో అంది.

"ప్రేమతోటి అంటున్న. వచ్చినవా బిడ్డా. సిగ్గుతోటి అంటున్న. ఆనాడు నువ్వు ఏడ్చిన సంగతి నాకు తెల్వలేదు. మళ్ల ప్రేమతోటి అంటున్న. తిన్నవా?"

సుజాత తల్లి భుజంలో ముఖం దాచుకుంది. ఒళ్లంతా ఊగుతోంది. మార్తక్క కుడిచెయ్యి ఆమె వీపు మీద వేసి, నా వైపు చూసి, మళ్లీ కూతురిని అడిగింది.

"ఏం సప్పుడది? నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? నాకు ఎర్కయితలేదు. నోటితోటి చెప్పు."

"రెండు చేస్తున్ననే అమ్మా."

"రెండంటే నేనేం సమజ్ చేసుకోవాలె? ఒక్కటి చెప్పు."

"సంతోషంతోటి ఏడుస్తున్న."

"ఆఁ. గట్ల చెప్పు."

అప్పటినుంచి ఆ ఇంటికి అదే పద్ధతి అయింది. వచ్చినవాళ్లంతా గొంతులో ఉన్నదాన్ని ముందు పేరు పెట్టి చెప్పాలి. కూరగాయలామె గుమ్మంలోనే, "ఎక్కిరించుకుంట అంటున్న అక్కా, ఇయ్యాల గూడ వంకాయలేనా?" అనేది. పాస్టరు గారు "ఓదార్పుతో అంటున్నానమ్మా" అని మొదలుపెట్టి తానే నవ్వేవారు. మాటలు నేర్చిన మనవడు అందరూ ఇట్లాగే మాట్లాడతారనుకున్నాడు. "కోపంతోటి అంటున్న, నాకు అన్నమొద్దు" అని అరిచేవాడు. మార్తక్క తల ఊపి, "మంచిగ చెప్పినవ్. కోపమే. తినకు" అనేది. వాడు వెంటనే తినేవాడు.

నా వంతు కూడా వచ్చింది. ఒక పెళ్లిలో మా దూరపు చుట్టం ఒకాయన నన్ను చూసి, "మీరు గూడ వచ్చిండ్రా" అన్నాడు. ఆ "గూడ" మీద అతను గొంతు ఎట్లా వంచాడో ఇక్కడ రాసి చూపించలేను. తిన్నగా మార్తక్క దగ్గరికి పోయి, ఆ గొంతును అచ్చంగా అనుకరించి చూపించాను.

"మంచిగనే అడిగిండు గద" అంది.

"అన్న తీరు సూడాలె అక్కా!"

"ఆ తీరు నాకు ఇప్పుడు వినరాదు. ఆయన సంగతి పక్కకు పెట్టు. నీకేమైంది? నువ్వు ఏంతోటి అంటున్నవ్?"

కోపంతోటి అనబోయాను. నోరు ఆగిపోయింది. ఆమె ఎదురుచూస్తోంది. ఆ ముఖంలో తొందర లేదు. ఎప్పుడైనా ఎవరైనా నా గొంతు విని వాళ్లంతట వాళ్లే తెలుసుకోవాలని, తెలుసుకోకపోతే అది నాకు అవమానమని నేను బతికాను. ఇక్కడ తెలుసుకునే దారే మూసుకుపోయిన మనిషి కూర్చొని, దయచేసి చెప్పమని అడుగుతోంది.

"బాధతోటి అంటున్న అక్కా" అన్నాను. "నన్ను ఎవ్వలు పిలవలేదనిపిస్తది. ఎక్కడికి పోయినా."

"గీ మాట నీ చిన్నప్పటిసంది ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"మరి వాళ్లకెట్ల ఎర్క? వాళ్లందరు పొలం గట్టు మీద ఉన్నరా, నీ రాగం వినడానికి?"

చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకొని, "నా సావు నువ్వే చెప్పాలె. మాటలు తప్పు పోతే పోనీ. ముందుగాల మూతి మూసుకొని అనుకో" అంది. ఏంతోటి అంటున్నావక్కా అని అడిగాను. ఆలోచించి, "నిమ్మలంతోటి" అంది.

ఆమె పోయిన రోజు నేను ఆ పాత ఆటో తీశాను. సుజాత నా వెనక కూర్చుంది. మూతి మూసుకొని ఒకసారి అనుకున్నాను. రాగం తనంతట తానే దిగింది, నేను దింపలేదు. పైకి ఎక్కే మెట్టు ఒక్కటి కూడా లేదు. ఆ రోజు నా పేరు ఎక్కడా చెప్పుకోలేదు, చెప్పుకోవాలని గుర్తు కూడా రాలేదు. చెరువు కట్ట మీద ఆటో ఆపి మైకు తీసుకున్నాను. ముందుగా, "దుఃఖంతో చెప్తున్నాను" అన్నాను. అది ఆమె అలవాటు. తర్వాత వార్త మొదలుపెట్టాను. పేరు రాకముందే నీళ్ల మీద తెప్పలు ఆగిపోయాయి. అవతలి ఒడ్డున పొలాల్లో మనుషులు ఒక్కరొక్కరే లేచారు. సుజాత నా భుజం తట్టి, "అన్నా, ఇంటున్నరు. అమ్మను ఇంటున్నరు" అంది. వాళ్లు తమ తలల్లో ఏ వైపున, ఏ దారిలో ఆ గొంతును అందుకున్నారో నాకు తెలియదు. కానీ అంత దూరంలో, అంతమంది మనుషుల్లో, ఒకేసారి ఒకే తలుపు తెరుచుకోవడం చూశాను. దానికంటే పెద్దది నేనేదీ చూడలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ ప్రచార కంపెనీవారికి వస్తాను. మీ యంత్రం గొంతులో రాగం లేదని నేను తప్పుపట్టను. చివరికి మార్తక్క గొంతులోనూ లేదు. కానీ లేదని ఆమెకు తెలుసు. అందుకే ప్రతి మాటకు ముందు ఆగి, తన లోపల ఉన్నదాన్ని వెతికి తీసి, ఎదుటి మనిషి చేతిలో పెట్టేది. పక్క వీధి పెద్దాయన కోసం మీలో ఎవరు ఆగారు? ఒక మనిషి చచ్చిపోతే, ఆ వార్త చెప్పడానికి ఒక మనిషిని ఆటోలో కూర్చోబెట్టండి. కూర్చోబెట్టకపోతే, ఎందుకు కూర్చోబెట్టరో చెప్పండి. నాకు మెసేజ్ పంపొద్దు. నా అభిప్రాయం విలువైనదని రాయొద్దు. నేను కోపంతో అడుగుతున్నాను. కోపం కింద బాధ ఉంది, అది కూడా దాచకుండా చెబుతున్నాను. రేపు పొద్దున మళ్లీ ఫోన్ చేస్తాను. ఎత్తండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, నవ్వాలనిపిస్తే నవ్వండి. కానీ మీలో ఒకరు నోరు తెరిచి, మనిషి గొంతుతో నాకు జవాబు చెప్పండి.